మిరపకాయల ఊళ్ళో మజ్జిగ

మొన్న గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనమయ్యాక చెయ్యి కడుక్కుని బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర బల్ల మీద కిళ్ళీలు, వక్కపొడి పొట్లాలు, సోంపు గిన్నె వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఇంకో స్టీలు గిన్నె. అందులో కడుపుమంట మాత్రలు, ఒక్కొక్కటీ విడివిడిగా కత్తిరించి పోశారు. పెళ్ళివారి ముందుచూపును మెచ్చుకోవాలో, వంటవాళ్ళ మీద వాళ్ళకున్న నమ్మకానికి నవ్వుకోవాలో తెలియలేదు. నా ముందున్న కుర్రవాడు కిళ్ళీ ఒక బుగ్గన, మాత్ర ఇంకో బుగ్గన పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయాడు.

ఆ మాత్రలతో నాకు పాత బంధుత్వం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వాటిని అమ్ముకునే బతికాను. తోలుసంచి పట్టుకుని కొత్తపేట ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగిన మందుల కంపెనీ ప్రతినిధిని నేను. అంతకు ముందు బ్రాడీపేటలో మా నాయనమ్మ చేతి కింద పెరిగాను. ఇంట్లో మనిషి అరుగుదలకు మాత్ర మింగాడంటే ఆ ఇంటి ఆడవాళ్ళకు వంట రాదని ఊరంతా చాటినట్టేనని ఆవిడ లెక్క. కల్యాణ మండపం మెట్ల మీద ఆటో కోసం నిలబడి ఉండగా ఆ సంచీ, ఆవిడా ఒక్కసారే గుర్తొచ్చారు.

* * *

మాది నాలుగు వాటాల ఇల్లు. పెరట్లో బావి, దానికి అవతల చివరన ఒకే ఒక్క మరుగుదొడ్డి. నాలుగు కుటుంబాలకూ అదొక్కటే కాబట్టి ఎవరూ రాయని, అందరూ పాటించే వేళలు ఉండేవి. చీకటితోనే తాతయ్య. ఆయన తర్వాత పక్క వాటాలోని రైల్వే గుమాస్తా గారు. తర్వాత ఆడవాళ్ళు, చివరికి బడికి వెళ్ళే పిల్లలం. మధ్యలో ఎవరికైనా తొందరపడితే నీళ్ళ చెంబును బావి గట్టు మీద ఠంగుమని పెట్టేవారు. లోపలి వాళ్ళకు అదే అర్జీ.

నాయనమ్మ రాత్రి పడుకోబోయే ముందు రాగి చెంబులో నీళ్ళు పోసి మూత పెట్టేది. పొద్దున పళ్ళు తోముకోగానే ఆ నీళ్ళు తాగాలి. ఆ తర్వాతే పెద్దవాళ్ళకు కాఫీ, మాకు పాలు. "కాఫీ పడితే కాని కదలదే" అని తాతయ్య ఇత్తడి గ్లాసు పట్టుకుని వసారాలో పచార్లు చేసేవాడు. చాలా ఏళ్ళ తర్వాత ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు శిక్షణ తరగతులు పెట్టారు. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుందనీ, ఆ స్పందన పొద్దుటిపూట ఎక్కువనీ, కాఫీ దాన్ని ఇంకాస్త రెచ్చగొడుతుందనీ బోధించే ఆయన బోర్డు మీద పేగుల బొమ్మ గీసి చెప్పాడు. నా కళ్ళ ముందు ఆ పేగులు కాదు, మా వసారాలో పంచె ఎగ్గట్టిన తాతయ్య కనిపించి నవ్వు ఆపుకోలేకపోయాను.

అసలు పరీక్ష బడికి బయలుదేరే ముందు ఉండేది. పలక పట్టుకుని గుమ్మం దిగుతుంటే వెనక నుంచి ప్రశ్న.

"ఏరా, అయిందా?"

"అయింది నాయనమ్మా."

"ఎలా అయింది?"

ఈ రెండో ప్రశ్నే ప్రాణం తీసేది. వీధిలో తోటి పిల్లలు వింటుండగా దానికి సవివరంగా జవాబు చెప్పాలి. గట్టిగా అయిందంటే ఆ రాత్రి పాలలో నాలుగు ఎండుద్రాక్షలు నానేవి, మర్నాడు తోటకూర పులుసు. పలచగా అయిందంటే బడి మానిపించి మెంతులు వేసిన మజ్జిగ. మా పిన్ని కాపురానికి వచ్చిన మొదటి పొద్దున ఆవిడను కూడా ఇదే ప్రశ్న అడిగింది. తెనాలిలో కాస్త నాజూకుగా పెరిగిన పిల్ల, పాపం, సిగ్గుతో వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆవిడే మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది, అదే గొంతుతో.

గొంతుక్కూర్చుని పని కానిచ్చుకునే ఆ పాత దొడ్డిని ఎవరూ తలచుకోరు, తలచుకోవలసినంత అందం దానికి లేదు కూడా. కానీ ఆ కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. మలద్వారం దగ్గర పేగును వంచి పట్టి ఉంచే కండరం ఒకటి ఉంటుంది. గొంతుక్కూర్చున్నప్పుడు అది వదులై దారి తిన్నబడుతుంది. ఇప్పుడు నా మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. కుర్చీలాంటి దొడ్డి మీద కూర్చుని పాదాల కింద చిన్న పీట వేసుకుంటున్నాను. మా అబ్బాయి దాన్ని చూసి ఇలాంటివి బజారులో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయని చెప్పాడు. నాది టేకు పీట. పూర్వం దాని మీద కూర్చుని అన్నం తినేవాళ్ళం. నాయనమ్మ చూస్తే ఏమంటుందోనన్న భయం ఇప్పటికీ కొంచెం ఉంది.

* * *

జూట్ మిల్లు సైరన్ మా ఇంటికి గడియారం. అది కూసేసరికి పీటలు వాల్చి, నీళ్ళ గ్లాసులు పెట్టి, ఆకులు వేసి ఉండాలి. వడ్డన మొదలయ్యే ముందు నాయనమ్మ ఒక్కొక్కరి మొహం చూసేది.

"ఆకలేస్తోందా?"

ఊ అంటే వడ్డించేది. నీళ్ళు నమిలితే "అయితే కాసేపు ఆడుకుని రా" అనేది. అలిగి తినననే పిల్లవాణ్ణి బతిమాలడం ఆ ఇంట్లో లేదు. ఆకలి లేని కడుపులో అన్నం వెయ్యడం ఆవిడ దృష్టిలో పాపం. అలాగని మధ్యలో అప్పాలూ జంతికలూ చేతికి వచ్చేవి కావు. ఆ డబ్బా అటక మీద ఉండేది, నిచ్చెన తాళం గదిలో ఉండేది.

మొదటి ముద్ద ఎప్పుడూ పొడితోనే. కరివేపాకు పొడో, శొంఠి పొడో, పైన కాచిన నెయ్యి. ఆ తర్వాత పప్పు, కూర. గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి లాంటి ఘనమైనవి ఆ తర్వాతే ఆకులోకి దిగేవి. ఆబగా ముందే పచ్చడి కలపబోతే చేతి మీద గరిటె పడేది. చివర చారు, అన్నిటికీ ముగింపుగా మజ్జిగ. కారం తగిలి నీళ్ళ గ్లాసు వైపు చెయ్యి చాస్తే నాయనమ్మ గ్లాసు లాగేసుకుని మజ్జిగ పోసేది. మిరపలోని మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలు, పెరుగు, మజ్జిగల్లో ఉండే కేసిన్ అనే మాంసకృత్తి దాన్ని నాలుక మీద నుంచి లాగేస్తుంది. నీళ్ళు తాగితే ఆ మంట నోరంతా పాకుతుంది, అంతే. ఆ ముసలామెకు కేసిన్ తెలియదు. ఊరు గుంటూరు, ఇంట్లో మనుషులు పదిమంది, పూటపూటా వాళ్ళ ముక్కులూ కళ్ళూ చూస్తూ నేర్చుకున్న విద్య అది.

మజ్జిగ అంటే మళ్ళీ ఇప్పటి పాకెట్టు మజ్జిగ అనుకునేరు. రాతి చిప్పలో తోడుపెట్టిన పెరుగును తెల్లవారుజామున దుత్తలో పోసి, కవ్వానికి తాడు చుట్టి లాగేది. మేము నిద్రలోనే ఆ చప్పుడు వినేవాళ్ళం. మొదట బరువుగా, నీళ్ళు పోశాక తేలికగా, వెన్న కడుతున్నప్పుడు మళ్ళీ మందంగా. చప్పుడు మారిందంటే లేచి పరిగెత్తాలి, వెన్నముద్ద కోసం. వెన్న తీసిన మజ్జిగలో ఉప్పు, దంచిన అల్లం, నలిపిన దబ్బాకు. ఎండాకాలంలో ఆ మజ్జిగ కుండ వీధి అరుగు మీద ఉండేది. దారిన పోయే రిక్షా అతను కూడా అడక్కుండానే ముంచుకుని తాగేవాడు. రాత్రి భోజనంలో మాత్రం పెరుగు నిషేధం. పలచని మజ్జిగే.

భోజనమయ్యాక తాతయ్య వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. నూరడుగులు వెయ్యాలని నియమం. ఆయన పైకి లెక్కపెడుతూ నడుస్తుంటే మేము వెనకాల చేరి తప్పుడు అంకెలు చెప్పేవాళ్ళం. తర్వాత నులకమంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకునేవాడు. కుడి పక్కకు దొర్లితే నాయనమ్మ వచ్చి తట్టి తిప్పేది. ఆ తిప్పడం వెనక ఉన్న సంగతి కూడా నాకు ఉద్యోగంలోనే తెలిసింది. జీర్ణాశయం వంపు ఎటువంటిదంటే, ఎడమ పక్కకు పడుకుంటే అందులోని ఆమ్లం అన్నవాహిక మూతికి కిందుగా ఉండిపోతుంది, పైకి ఎగదన్నడం తగ్గుతుంది. రాత్రిళ్ళు గుండెల్లో మంట అనే రోగులకు డాక్టర్లు ఇప్పటికీ ఈ మాట చెబుతారు.

* * *

వీధిలో ఎవరింట్లోనైనా పెళ్ళయితే మాకు మర్నాడు పని పడేది. గుమ్మానికి కట్టిన అరటిచెట్లను విప్పగానే నాయనమ్మ మనిషిని పంపి తెప్పించి, పొరలు ఒలిపించి, లోపలి తెల్లని దూట తీసేది. చక్రాలుగా కోస్తుంటే కత్తికి పీచు తీగలు తీగలుగా సాగేది. ఆ పీచును చూపుడువేలికి చుట్టి లాగేయడం పిల్లల పని. ముక్కలు నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేసేవాళ్ళం. వేలికి చుట్టుకున్న పీచు ఉంగరాలను ఒకరికొకరు తొడిగి పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళం. ఏడాదికి ఒకసారైనా అరటిదూట తింటే అన్నంలో మింగేసిన వెంట్రుకలన్నీ పేగుల్లోంచి పోతాయని ఆవిడ నమ్మకం. వెంట్రుకల సంగతి దేవుడెరుగు, పీచు సంగతి మాత్రం నిజమే. చేత్తో ఎంత తీసినా దూటలో బోలెడు మిగులుతుంది.

ఎండాకాలం పొద్దున్నపూట చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మట్టికుండలో ఉంచితే తెల్లారేసరికి చిన్నగా పులుపెక్కేది. ఆ నీళ్ళను తరవాణి అనేవాళ్ళు. ఉప్పు, ఉల్లిపాయ, ఊరమిరపకాయ. ఇడ్లీ చుట్టాలు వస్తేనే, లేకపోతే జ్వరం తగిలితేనే. చద్దన్నం తినే ఇల్లని నలుగురికీ తెలియడం మా నాన్నకు నామోషీగా ఉండేది. ఇప్పుడేమో పులిసిన అన్నంలో మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని పెద్ద హోటళ్ళు మట్టిమూకుళ్ళలో పెట్టి అమ్ముతున్నాయి. మా నాన్న ఉండి ఆ ధర చూసి ఉంటే బాగుండేది.

* * *

ఇక ఆముదం.

వేసవి సెలవులు అయిపోవస్తుండగా, బడులు తెరవడానికి కాస్త ముందు, నాయనమ్మ పంచాంగం చూసి ఒక రోజు పెట్టేది. పంచాంగం చూసిన తర్వాత మిగతా మూడు వాటాల వాళ్ళనూ చూసి వచ్చేది. "రేపు మా పిల్లలకు ఆముదం, మీరు కాస్త పెందలాడే కానిచ్చుకోండి" అని ముందు రోజు సాయంత్రమే కబురు. కారణం చెప్పక్కర్లేదు కదా. సెలవులకు వచ్చిన అత్తయ్యల పిల్లలతో కలిపి మేము ఒక చిన్న పటాలం, దొడ్డి ఒక్కటి.

చీకటితోనే లేపి బావి గట్టు మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఇంట్లో ఉడికించి తీసిన వంటాముదం, నల్లగా, చిక్కగా, చెంచాలోంచి జారడానికి కూడా ఇష్టపడనంత బద్ధకంగా ఉండేది. వేడి కాఫీలో కలిపి ఇచ్చేవారు. ఏడాదంతా కాఫీ కోసం ఏడ్చే పిల్లలకు ఆ ఒక్కరోజే కాఫీ యోగం, అదీ ఇలా. పెద్దత్తయ్య ముక్కు మూసేది, నాయనమ్మ గ్లాసు పెట్టేది, పిన్ని నిమ్మబద్ద పట్టుకుని నిలబడేది. మా అత్తయ్య కొడుకు ఒకడు గుటక వేసినట్టు నటించి జామచెట్టు మొదట్లో ఉమ్మేశాడు. నాయనమ్మ ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు కలిపింది.

పొద్దెక్కేసరికి పెరడంతా యుద్ధభూమి. చెంబుల మోత, తలుపు బాదుడు, లోపలున్నవాడి ప్రాధేయపాటు. మధ్యాహ్నానికి అందరం వేలాడే తలలతో చాప మీద పడి ఉంటే, మెత్తగా ఉడికిన అన్నంలో మిరియాల చారు పోసి పిసికి పెట్టేది. కూర లేదు, పచ్చడి లేదు, నెయ్యి మాత్రం దండిగా. ఆ చారన్నం రుచి ఆ రోజు వచ్చినట్టు మళ్ళీ ఏ రోజూ రాలేదు.

ఈ ఆచారం పోయినందుకు నాకు ఏ కొరతా లేదు. ఆముదం చిన్నపేగుల్లో రిసినోలిక్ ఆమ్లంగా విడిపోయి పేగులను బలవంతంగా కదిలిస్తుంది. మురికితో పాటు ఒంట్లోని నీరూ లవణాలూ పోతాయి. ఆరోగ్యంగా తిరిగే పిల్లలకు పనిగట్టుకుని విరేచనాలు చేయించవలసిన అవసరమే లేదు. కొత్తపేటలో ఒక పిల్లల డాక్టరు గారు చంటిబిడ్డకు ఆముదం పట్టించి తెచ్చిన నాయనమ్మను, తల్లిని వదిలేసి ఆ నాయనమ్మనే, అందరి ముందూ చీవాట్లు పెట్టడం నేను బల్ల మీద నా వంతు కోసం కూర్చుని విన్నాను. ఆవిడ మొహంలో మా నాయనమ్మ కనబడింది. డాక్టరు గారి మాటే సరైనది.

* * *

తాతయ్య పట్నం బజారులో ఒక మిరపకాయల కొట్లో గుమాస్తా. కోతల కాలం వచ్చిందంటే ఊరంతా ఘాటు. బస్తాల లారీ వీధిలోంచి పోతే అరుగుల మీద వాళ్ళందరూ వరసగా తుమ్మేవాళ్ళు. కొట్టు వెనక ఆడవాళ్ళు గుట్టల ముందు కూర్చుని తొడిమలు తీస్తుండేవారు, చేతులు మండకుండా నూనె రాసుకుని. తాతయ్య కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. గింజ గలగలమంటే ఆరిందని, మూగగా ఉంటే చెమ్మ ఉందని. తర్వాత మధ్యకు విరిచి వాసన చూసేవాడు.

ఆ మనిషికి కడుపులో పుండు. అర్ధరాత్రి, కడుపు ఖాళీ అయ్యే వేళకు, నొప్పితో లేచి కూర్చునేవాడు. రెండు బిస్కెట్లు, గ్లాసెడు చల్లని పాలు పడితే కాసేపు సర్దుకునేది. పెద్దాసుపత్రిలో చూపిస్తే కారం పూర్తిగా మానమన్నారు. మానేశాడు. పగలంతా మిరపకాయల మధ్య గడిపి ఇంటికొచ్చి పొట్లకాయ పెసరపప్పు తినేవాడు. మేము పండుమిరప పచ్చడి కలుపుకుంటుంటే తల పక్కకు తిప్పుకునేవాడు. "నాకు అన్నం పెట్టిన కాయే నా కడుపు కాల్చింది" అనేవాడు. నాయనమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "ఈ ఇంట్లో అందరమూ తినేది ఆ కారమేగా, మాకెందుకు రాలేదు?" అని ఎదురు అడిగేది. ఆవిడ అనుమానం ఆయన చుట్టల మీద.

ఆవిడ వాదనలో పస ఉందని తేలడానికి చాలా కాలం పట్టింది. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు ఈ పుళ్ళలో చాలావాటికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి కారణమని చెబితే మొదట్లో ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మిగతా పుళ్ళలో ఎక్కువ భాగం నొప్పి మాత్రల పుణ్యం. పొగ తాగితే మానే పుండు కూడా మానదు. కారం మంట పుట్టిస్తుంది, ఉన్న ఇబ్బందిని పెంచుతుంది కానీ పుండు పెట్టేది అది కాదు. కొన్ని రోజుల యాంటీబయోటిక్ మందుల కోర్సుతో పోయే జబ్బు కోసం తాతయ్య ఇరవై ఏళ్ళు పథ్యం తిన్నాడు. ఆ సంగతి నేను కంపెనీ వాళ్ళిచ్చిన కరపత్రంలో చదివేనాటికి ఆయన లేడు. నాయనమ్మకు చెబితే పురుగు విషయం సగమే విని, "నేను చెప్పలా, కాయ తప్పు లేదని" అంది.

* * *

నా ఉద్యోగం సంగతి క్లుప్తంగానే చెబుతాను, చెప్పుకోదగ్గ వీరగాథ కాదు. పొద్దున్న నరసరావుపేట బస్సు, సాయంత్రం కొత్తపేట. మరో రోజు తెనాలి, రేపల్లె. డాక్టరు గారు ఆఖరి రోగిని చూసి మమ్మల్ని పిలిచేసరికి రాత్రి పది. అప్పటిదాకా మెట్ల మీద నిలబడి బండి మీది మిరపకాయ బజ్జీ, దాని మీద టీ. అందరి కడుపులకూ మందులు అమ్మే మా వృత్తిలో సరైన కడుపున్నవాడు అరుదు. సంచిలో ఉన్న గులాబి రంగు మందు సీసాల నమూనాలకు మొదటి గిరాకీ మేమే. నేను చేరిన కొత్తలో రానిటిడిన్‌ది రాజ్యం. తర్వాత ఒమెప్రజోల్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. మందులు మారాయి, మెట్ల మీది బజ్జీలు మారలేదు.

ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. కడుపుమంట అంటూ వచ్చిన ప్రతివాణ్ణీ మొదట "ఏం తింటారు?" అని అడిగేవారు కాదు. "ఎప్పుడు తింటారు? తిన్నాక ఎంతసేపటికి పడుకుంటారు?" అని అడిగేవారు. రెండోది "రోజూ అవుతుందా?" నేను చెయ్యి కట్టుకుని పక్కన నిలబడి, మా ఇంటి గుమ్మమే తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నట్టుందే అనుకునేవాణ్ణి. జూట్ మిల్లు సైరన్‌కు తినడం, ఆకలి అడిగి వడ్డించడం, పొద్దున్నే ఆ సిగ్గుమాలిన ప్రశ్న, ఇవే ఆయన చీటీ మీద మందు పేరుకు పైన రాసేవారు. పొడులదేముంది, శొంఠి నుంచి కరివేపాకు దాకా ఇప్పుడు ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తున్నాయి. వేళకు మన మొహం చూసి అడిగే మనిషి రావడం లేదు.

అదే వీధిలో ఒక మందుల కొట్టు యజమాని గల్లాపెట్టె పైన దేవుడి పటాల వరసలో యల్లాప్రగడ సుబ్బారావు గారి పటం పెట్టుకున్నాడు. నన్ను కూర్చోబెట్టి ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో. భీమవరంలో పుట్టిన ఆ మహానుభావుడి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్ళి, 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వెలికితీసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చిన మందు అదే. "మన ఇంటి విరేచనాల్లోంచి పుట్టిన విజ్ఞానం ఇది" అని ముగించి, ఆ తర్వాతే నా బిల్లు చూసేవాడు.

* * *

వానాకాలం నీళ్ళు మరో కథ. కాలవలో కొత్తనీరు వచ్చిందంటే కుళాయి ఎర్రగా పారేది. నాయనమ్మ చిల్లగింజను బిందె లోపలి గోడకు అరగదీసి వదిలేది. గంటసేపటికి మడ్డి అడుగుకు దిగి పైన తేరు కట్టేది. ఆ తేట నీళ్ళు మరిగించి వడపోసేది. కట్టెల ఖర్చని నాన్న గొణిగినా వినేది కాదు. చిల్లగింజతో మడ్డి పోతుంది కానీ క్రిములు చావవు. ఆవిడ మరిగించడమే మమ్మల్ని కాపాడింది.

ఒక వానాకాలం మూడో వాటాలో ఏడాది పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని వాళ్ళు పాలూ నీళ్ళూ ఆపేశారు. అప్పట్లో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. నాయనమ్మ పిల్ల కళ్ళు లోతుకు పోయాయని చూసి, పొట్ట చర్మం పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. మాట్లాడకుండా వచ్చి గంజి వార్చి, ఉప్పు వేసి, ఉగ్గు గిన్నెతో గుటక గుటకగా పోస్తూ కూర్చుంది. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పోసేది. రాత్రంతా అంతే. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, పిల్ల దక్కింది. ఇప్పుడు ఆ పిల్లకు మనవలు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు శరణార్థుల శిబిరాల్లో కలరా విజృంభిస్తే, సెలైన్ సీసాలు చాలక, దిలీప్ మహలనబిస్ అనే బెంగాలీ డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని నిలబెట్టారు. ఇప్పుడు ప్రతి మందుల కొట్లో దొరికే ఓఆర్ఎస్ పొట్లం అదే దారిలోది. పొట్లం దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. 2018లో గుంటూరు పాతపేటల్లో అతిసారం ప్రబలినప్పుడు ఊళ్ళోని చుట్టాలకు ఫోను చేసి ఈ కొలతే అప్పజెప్పాను. మా మేనకోడలు రాసుకుంది. రాసుకున్నాక, "గంజి ఇవ్వచ్చా మామయ్యా?" అని అడిగింది. ఇవ్వమన్నాను.

* * *

సోడా గురించి చెప్పకపోతే గుంటూరువాళ్ళు నన్ను క్షమించరు. పండగ పూట బూరెలూ పులిహోరా దట్టించాక నాయనమ్మ కూడా తన శాస్త్రాలన్నీ మడిచి పక్కన పెట్టేది. సాయంత్రం గోలీ సోడా బండి కూతకు మమ్మల్నే పంపేది. నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి, బొటనవేలితో గోలీని నొక్కితే సీసా కీచుమని అరిచేది. గటగటా తాగి, పెద్దగా తేన్చి, "హమ్మయ్య" అనేది. తేన్పు ఎంత పెద్దదైతే పండగ అంత బాగా జరిగినట్టు.

ఒక దసరాకి నాలుగో వాటాలోకి మెడికల్ కాలేజీలో చదువు ముగించిన కుర్ర డాక్టరు అద్దెకు వచ్చాడు. అరుగు మీద నాయనమ్మ సోడా తాగడం చూసి, "మామ్మగారూ, పొట్టలో ఉన్నది గాలి, సోడాలో ఉన్నదీ గాలే. గాలి పోవడానికి గాలి తాగుతారా?" అన్నాడు, వినయంగానే.

నాయనమ్మ సీసా దించింది. అతని వైపు తేరిపార చూసింది.

"పండగ పూట ఎక్కడ తిన్నావు నాయనా?"

"హోటల్లోనండీ."

"ఎన్నింటికి?"

"మూడున్నర అయిందండీ."

"పొద్దున అయిందా?"

డాక్టరు గారు ఎర్రబడిపోయాడు. బండివాడు నవ్వు ఆపుకుంటూ ఇంకో సీసా చేతిలోకి తీసుకున్నాడు. ఉప్పు వెయ్యాలా, తీపి వెయ్యాలా అని అడిగాడు. ఉప్పే వెయ్యమన్నాడు డాక్టరు.